చెవి కూడా ఒక చదువే

(ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

చదువుల సభలో సినిమా మాటలేమిటని అనుకోకండి. సినిమాను మనమందరం చూస్తాం, శ్రద్ధగా వినేవాళ్ళు తక్కువ. నేను బ్యాంకులో క్లర్కుగా పనిచేసినవాణ్ణి. నోట్లు లెక్కపెట్టేటప్పుడు కంటితోపాటు చెవికీ పని ఉండేది. కొత్త నోటు చప్పుడు వేరు, నలిగిన నోటు చప్పుడు వేరు. వినడం కూడా ఒక విద్యేనని అక్కడే తెలిసింది.

మన భాషలో తొలి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. అప్పట్లో మద్రాసులో టాకీ తీసే స్టూడియో లేక బొంబాయిలో తీశారు. నటులే పాడాలి, పాడుతూనే నటించాలి. తర్వాత పాట వేరుగా, మాట వేరుగా, చప్పుళ్ళు వేరుగా రికార్డు చేయడం వచ్చింది. చివరికి అన్నిటినీ కలిపి, ఏది పెంచాలో, ఏది తగ్గించాలో నిర్ణయించడమే మిక్సింగ్. బ్యాంకులో పద్దులన్నీ సాయంత్రానికి ఒకచోట టాలీ కావాలి కదా, ఇదీ అలాంటిదే.

మనం వినే చప్పుళ్ళలో చాలావరకు షూటింగులో పుట్టినవి కావు. కొబ్బరి చిప్పలు తాటిస్తే గుర్రపు డెక్కల చప్పుడు వస్తుంది. పలుచని ప్లాస్టిక్ కాగితం నలిపితే మంట చిటపటలాడినట్టుంటుంది. తెర మీది మనిషి నడకకు సరిగ్గా కలిసేలా స్టూడియోలో ఇంకొకరు నడుస్తారు. ఈ పనిని ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో దీనికి పేరు తెచ్చిన జాక్ ఫోలీ పేరు మీదే ఆ మాట వచ్చింది.

శబ్దం అర్థాన్ని ఎలా మారుస్తుందో మన తిరువొత్తియూరులోనే ఊహించండి. రాత్రి ఒక తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. అదే బొమ్మ, మార్పు లేదు. దానికి గుడిగంట కలిపితే మనసు కుదుటపడుతుంది. హార్బరు రోడ్డులో కంటైనర్ లారీ గట్టిగా బ్రేకు వేసిన చప్పుడు కలిపితే, బిడ్డకు ఏమైందోనని గుండె ఝల్లుమంటుంది. గడియారం టిక్‌టిక్ ఒక్కటే వినిపిస్తే, చాలాసేపటి నుంచి ఎదురుచూస్తోందని తెలుస్తుంది. ఆమె మాత్రం ఒక్క మాటా అనలేదు.

దీన్ని సినిమా అంతటా చేసి చూపించినవారు మన తెలుగువారైన సింగీతం శ్రీనివాసరావు గారు. 1987లో వచ్చిన ‘పుష్పక విమానం’లో పాత్రలకు సంభాషణే లేదు. తమిళంలో దానికే ‘పేసుం పడం’, అంటే మాట్లాడే సినిమా అని పేరు పెట్టడం ఎంత చమత్కారం! అందులో నిరుద్యోగి అయిన కథానాయకుడు ఖరీదైన హోటల్ గదికి చేరతాడు. ఆ నిశ్శబ్దంలో అతనికి నిద్ర పట్టదు. తన పాత గది పక్కనున్న సినిమా హాలు గోలను టేపులో రికార్డు చేసి తెచ్చి, దాన్ని వింటూ నిద్రపోతాడు. అతని పేదరికమూ, అలవాటూ, ఆశా ఒక్క టేపు చప్పుడుతో అర్థమైపోతాయి. పది పేజీల డైలాగు కూడా అంత చెప్పలేదు.

ఈమధ్య ఒక తండ్రి నన్ను అడిగారు, “అయ్యా, మావాడు సౌండు చదువుతానంటున్నాడు. అదీ ఒక చదువేనా?” అని. చదువేనండీ. మన ఊళ్ళోనే తరమణిలో ఉన్న ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో అది డిగ్రీ కోర్సు. పుణే, కోల్‌కతా సంస్థలలోనూ నేర్పుతారు. భౌతికశాస్త్రమూ ఉంటుంది, ఓర్పూ కావాలి. ఉద్యోగం ఖాయమని నేను మాట ఇవ్వలేను. అలాంటి హామీ ఏ చదువుకూ లేదు. కాని వద్దనే ముందు అది ఏమిటో తెలుసుకుని, ఆ తర్వాత వద్దనండి.

పిల్లలూ, మీకు ఇంట్లో తెలుగు, బడిలో, వీధిలో తమిళం. రెండు భాషల యాసలూ పట్టుకునే చెవి మీకు చిన్ననాటి నుంచే అబ్బింది. సినిమాలు ఒక భాష నుంచి ఇంకో భాషకు డబ్బింగ్ అయ్యే ఈ నగరంలో అది చిన్న ఆస్తి కాదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక పది నిమిషాలు కళ్ళు మూసుకుని, వినిపించిన చప్పుళ్ళన్నీ కాగితం మీద రాయండి. ఏది ఎందుకు వినిపించిందో అమ్మానాన్నలతో మాట్లాడండి. ఆ తర్వాత మీరు ఏ చదువు చదివినా, వినడం తెలిసినవాళ్ళుగా చదువుతారు.