ఓడల నిర్మాణము – సంరక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువది యైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపులు మూతపడకుండ కాపాడిన పెద్దలు నన్ను ఉపన్యసింపుమని కోరినప్పుడు, నాకు తెలిసినది ఓడల మరమ్మతు పని యొక్కటియే యని మనవి చేసితిని. “అదియే చెప్పుడు” అనిరి. సముద్రమున కింత దూరమున నున్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల వారికి ఓడల ముచ్చట యేల యని మీలో కొందరికి తోపవచ్చును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ 1920లో కట్టిన ఉస్మాన్‌సాగరమును, ఈసీ 1927లో కట్టిన హిమాయత్‌సాగరమును చేరుచున్నవి. ఆ చెరువులు దాటిన నీరు నగరము గడచి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి, కడకు సముద్రమున చేరును. మన చేలపై కురిసిన వానకే సముద్రముతో చుట్టరికమున్నది. మన మోటారు బండ్లలో పోయు నూనెలో చాల భాగమును, మన పైరుకు వేయు ఎరువులలో కొంత భాగమును ఓడల మీదనే దేశమునకు వచ్చుచున్నవి. కావున ఓడ మనకు పరాయిది కాదు.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తదియు కాదు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనము వేయించి, తుపానుకు చిక్కిన ఓడల సరకును రాజులు హరించు పూర్వపు టాచారమును మాన్పించి, సముద్ర వర్తకులకు అభయమిచ్చెను. 17వ శతాబ్దిలో నరసాపురము చెంత ఐరోపా వర్తకులు ఓడలు కట్టించుకొనిరి. పిదప గోదావరి ముఖమున నున్న కోరంగి ఈ వృత్తికి పేరుగాంచినది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీసినవి.

మన కాలపు ఇనుప ఓడల కథ విశాఖపట్టణమున మొదలైనది. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా సంస్థ తలపెట్టిన ఓడల కర్మాగారమునకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిరి. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడి పని చెదరినది. అయినను ఉద్యమము విడువలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ గారు ‘జల ఉష’ అను ఓడను నీటిలోనికి దింపిరి. అది 8,000 టన్నుల బరువు మోయగలది. తరువాత ఆ కర్మాగారము ప్రభుత్వ పరమై హిందుస్థాన్ షిప్‌యార్డు అను పేరున నడచుచున్నది. 2025లో నౌకాదళమున చేరిన ‘నిస్తార్’ అచ్చట కట్టినదే.

ఇన్ని వేల టన్నుల ఇనుము నీటిపై నెట్లు తేలును? ఇనుప మేకు బావిలో వేసిన మునుగును. ఇత్తడి బిందె తేలును. బిందె లోపల ఖాళీ యుండుటచే అది తన బరువుకు సరిపడు నీటిని ప్రక్కకు త్రోయును. త్రోయబడిన నీటి బరువెంతో, నీరు దానిని పైకెత్తు బలమంత. ఓడయు పెద్ద బిందెయే. బరువు పెంచిన కొలది లోతుకు దిగును. ఎంతవరకు దిగవచ్చునో తెలుపుటకు ఓడ ప్రక్కన ఒక గీత వ్రాయుదురు. పూర్వము లాభాపేక్షతో మితిమీరి సరకు నింపి నావికులను ముంచుచుండిరి. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సోల్ అను పార్లమెంటు సభ్యుడు పోరాడగా 1876లో ఆ గీత చట్టములో చేరినది. ఈనాటికిని దానికి ఆయన పేరే.

తేలుట యొక్కటియే చాలదు. ఒరిగిన ఓడ మరల నిటారుగా నిలువవలెను. గడ్డి బండి ఎత్తు పెరిగినకొలది గతుకులో పల్టీకొట్టుట మీరెరుగుదురు. ఓడలోనైనను బరువు అడుగున నున్నంత క్షేమము, పైకి పోయినకొలది అపాయము. అందుకే బరువు సరకును అడుగున ఉంచుదురు. సరకు లేనప్పుడు అడుగు తొట్లలో నీరు నింపుదురు. 2019 సెప్టెంబరు 15న పొంగి పారుచున్న గోదావరిలో, పాపికొండల విహారమునకు పోయిన పడవ కచ్చులూరు వద్ద మునిగి నలుబది మందికి పైగా మరణించిరి. వారిలో మన తెలంగాణము వారును కలరు. ఆ దుర్ఘటనకు కారణములు నిర్ణయించుట నా పని కాదు. కాని మీరెప్పుడైన పడవ యెక్కినచో ఈ మూడు మాటలు మరువకుడు: జనము నిండిన పడవ నెక్కవద్దు, మేడపై గుమిగూడవద్దు, పడవ ఊగినప్పుడు అందరును ఒకే ప్రక్కకు పరుగెత్తవద్దు. ప్రాణరక్షక చొక్కాను చేత పట్టుకొనక ఒంటికి తొడుగుకొనుడు.

ఇక కట్టడము. ఓడకు అడుగున పొడుగునా ఉండు వెన్నును కీలు అందురు. దానినుండి ఇరుప్రక్కల పక్కటెముకల వంటి చట్రములు లేచును. వాటిపై ఉక్కు పలకలు చర్మమువలె అతుకుదురు. పైన కప్పు, లోపల అడ్డుగోడలు. నేడు ఈ భాగములను వేరు వేరు ఖండములుగా నేలమీద వెల్డింగు చేసి, పెద్ద క్రేనులతో ఎత్తి ఒకచోట జతపరచుదురు.

సముద్రమున ఓడకు వచ్చు పరీక్ష అల. ఓడ నడుమ క్రింద అల లేచినప్పుడు దాని రెండు కొనలును బరువుతో వ్రాలును. భుజముపై కావడిబద్ద వంగినట్లే. రెండు కొనల క్రిందను అలలు లేచినప్పుడు నడుము దిగును. కాలువపై వేసిన పలక, మనిషి నడుమకు రాగానే, కుంగినట్లే. ప్రయాణము పొడవునను ఓడ ఇట్లు అటునిటు వంగుచునే యుండును. వంగునప్పుడు పై కప్పుకును, అడుగు పలకలకును శ్రమ హెచ్చు. అందుచే అచ్చట ఉక్కు మందముగా వేయుదురు. కప్పులో సరకు దింపు ద్వారముల మూలలను గుండ్రముగా కోయుదురు. బట్టలో కత్తెరగాటు ఉన్నచోటనే చినుగుట మొదలగునట్లు, చతురపు మూలలోనే ఉక్కు పగులుట మొదలగును. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండు రేవున, కదలని నీటిలో కట్టియున్న క్రొత్త ఓడ ‘స్కెనెక్టడీ’ రాత్రివేళ నడుమకు విరిగినది. చలికి పెళుసెక్కిన ఉక్కు, లోపము గల అతుకు కలిసినచో ఏమగునో లోకమునకు తెలిసినది.

అడ్డుగోడల మాట. మన ఇండ్లలో ధాన్యమును వేరు వేరు గాదెలలో పోయుదుము. ఒకదానికి పురుగు పట్టినను తక్కినవి దక్కును. ఓడను గూడ అట్లే అరలుగా విభజింతురు. ఒక అరకు చిల్లుపడినను తక్కినవి తేల్చును. 1912 ఏప్రిల్‌లో ‘టైటానిక్’ మంచుకొండను తాకినప్పుడు ముందరి అరలనేకము ఒక్కసారి తెగినవి. గోడలు తగినంత ఎత్తు లేనందున ఒక అర నిండి పొర్లి తరువాతి అరలో పడినది. దాదాపు 1,500 మంది అసువులు బాసిరి.

ఎంత గట్టిగా కట్టినను ఉప్పునీరు ఊరకుండదు. వానకాలము చేనిలో మరచిన నాగటి కర్రు ఏమగునో మీకు తెలియును. ఓడ ప్రతిదినము అట్టి వానలోనే నిలిచియుండును. అందుకే తుప్పు గీకి రంగు వేయుట నావికుల నిత్యకృత్యము. అడుగున జింకు దిమ్మెలు బిగింతురు. తుప్పు ఇనుమును విడిచి ముందు వాటిని తినును. గుల్లలు, నాచు పట్టినచో వేగము తగ్గి నూనె ఖర్చు పెరుగును. కావున అయిదేండ్లలో రెండు మారులైనను ఓడను డాకులో ఆరబెట్టియో, వేరు విధముననో అడుగు పరీక్షింతురు. నేడు ధ్వని యంత్రముతో పలక మందమును మిల్లీమీటరు భాగములలో కొలుతురు.

నా పడుచుదనమున జరిగిన సంగతి యొకటి చెప్పి ముగింతును. ఒక పాత ఓడ మరమ్మతుకు వచ్చినది. గడువు దగ్గరపడినది. ఒక మూల పలకపై రంగు నిగనిగలాడుచుండెను. బాగున్నదని కాగితముపై సంతకము పెట్టబోతిని. నా ప్రక్క నున్న ముసలి ఖలాసీ, అక్షరము రానివాడు, “ఉండండి బాబూ” అని సుత్తితో ఆ పలకను తట్టెను. తక్కిన పలకలు గంటవలె మ్రోగినవి. అది పగిలిన కుండవలె పలికినది. రంగు గీకి మరల కొట్టగా సుత్తి మొన లోపలికి దిగినది. ఆ రంధ్రములో నా వ్రేలు పట్టినది. ఆ ఓడలో ముప్పదిమంది నావికులు పోవలసి యుండిరి. వారి మొగములు నేనెన్నడు చూడలేదు. నాటినుండి పైరంగు చూచి సంతకము చేయలేదు. ఆ ఖలాసీకి నేను మ్రొక్కిన సంగతి మాత్రము ఎవరికిని చెప్పలేదు. నేడు మీకు చెప్పుచున్నాను.

ఓడల పనిలో నేను నేర్చినదంతయు ఈ ఒక్క మాటలో నున్నది. కట్టుటకు పదిమంది మెప్పు దొరకును. కాపాడుటకు ఎవరి మెప్పును దొరకదు. కాని ప్రాణములు నిలుచునది రెండవ పనివలననే. చెరువు కట్టకు గండి పడకముందే చూచు రైతుకును, చెదలు పట్టకముందే పుస్తకము దులుపు గ్రంథపాలకునకును ఇదియే ధర్మము.

ఈ గ్రామములలోని పిల్లలు సముద్రమును చూడలేదని వెనుకాడ నక్కరలేదు. నేనును మొట్టమొదట ఓడను పుస్తకములోనే చూచితిని. ఈ గ్రంథాలయమున కథలతో పాటు కర్మాగారముల విద్యను, యంత్రముల విద్యను తెలుపు తెలుగు పుస్తకములకు ఒక బీరువా కేటాయింపవలెనని కార్యవర్గము వారిని ప్రార్థించుచున్నాను. ఆ బీరువాకు మొదటి పుస్తకములు నావి.