నిప్పుకు చావని పులికంప



వేసవి ముదిరిందంటే బీళ్ళకూ గట్లకూ నిప్పు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. పులికంప ఉన్నచోట ఆ అలవాటు ఏమి చేస్తుందో ఈ పూట చెప్పుకుందాము. కొన్ని ఊళ్ళలో దీనినే తలంబ్రాల చెట్టు అంటారు. పుస్తకాలలో లాంటానా. ఒక్క గుత్తిలోనే పసుపు, నారింజ, గులాబి రంగుల పూలుంటాయి. ఆకు గరుకు, నలిపితే ఘాటైన వాసన. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండపు ఉష్ణదేశాలలో పుట్టినది. 19వ శతాబ్ది మొదట్లో పూలకోసమని కలకత్తా తోటకు తెచ్చారు. అందానికి తెచ్చినది అడవినే ఆక్రమించింది!

నిప్పు పెడితే పైకొమ్మలు భగ్గున మండిపోతాయి. మనిషికి తృప్తిగా ఉంటుంది. కాని మొదలూ వేరూ కలిసే ముడి మట్టిలో చల్లగా దాగి ఉంటుంది. నాలుగు వానలు పడగానే అక్కడినుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. పక్కనున్న పసరిక, లేతమొక్కలు కాలిపోయాయి గనుక వెలుతురంతా దానిదే, బూడిద బలమూ దానిదే. అంటే ఒక కంపను కాల్చి పొద పెంచుకున్నామన్నమాట. అడవి అంచున నిప్పు పెట్టడం నేరమని కూడా మరువకండి.

మరి ఏమి చేయవలెను? ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్య సి.ఆర్. బాబుగారూ, సహచరులూ 2009లో ఒక పద్ధతిని ప్రకటించారు. యంత్రం అక్కరలేదు, మందు అక్కరలేదు. వానకు నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే, మొదలు చుట్టూ మట్టి తీసి, నేలకు ఒకటి రెండంగుళాల లోతున తల్లివేరును తెగనరకాలి. ముడి వేరుమీద మిగలకూడదు, అదే కీలకం. కంపను పైకెత్తి తలకిందులుగా నిలబెట్టి ఎండనివ్వాలి. నేలమీద పడేస్తే మట్టి తగిలిన కొమ్మ మళ్ళీ వేరు తొడుగుతుంది. నేలమట్టంగా నరికి ఊరుకుంటే చేసిన కూలి దండుగ.

ఖాళీ అయిన నేలలో వెంటనే గడ్డో, స్టైలో వంటి పప్పుజాతి మేతో చల్లండి. పిట్టలు పండు తిని చెట్లకింద గింజలు రాలుస్తాయి. కనుక మరుసటి రెండు మూడు వానకాలాలు ఆ చెట్లకింద తిరిగి మొలకలు పీకుతూ ఉండవలె. గ్రామంలో పనిచేసే విస్తరణాధికారులు రైతులకు గుర్తుచేయవలసినది ఇదే. మొదటి ఏటి ఉత్సాహం రెండో ఏటికి ఉండదు.

పశువుల సంగతి. మేత దొరికినంతకాలం పశువు దీని జోలికి పోదు. కరువు రోజుల్లో, కొత్తగా కొనితెచ్చిన పశువు మాత్రం తింటుంది. కాలేయం చెడుతుంది. మేత మానేస్తుంది, పేడ గట్టిపడుతుంది, కళ్ళు పచ్చబడతాయి. ఎండ తగిలితే మూతీ, తెల్లమచ్చల చోట చర్మమూ ఎర్రబడి పగులుతాయి. అటువంటి పశువును తక్షణం నీడపట్టున కట్టి పశువుల డాక్టరుగారిని పిలవండి. పొట్టలోని విషాన్ని పీల్చుకోను ఆయన బొగ్గుపొడి మందు పట్టిస్తారు. నాటువైద్యంతో రెండు రోజులు గడపకండి.

పీకిన కంప వృథా కాదు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండలలో సోలిగ గిరిజనులు దీనితో కుర్చీలు, బల్లలు అల్లి అమ్ముతున్నారు. మనకు పొయ్యిలోకైనా పనికివస్తుంది. బాగా ఎండినాకనే కట్టలు కట్టి ఇంటికి తెచ్చుకోండి. పచ్చి మండలు దొడ్డి దగ్గర వేయకండి.