99 డాలర్ల వారసురాలు

చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదువుకున్నది పదో తరగతి, అదీ తప్పాను. అందుకే ఒక ఆడమనిషి సంగతి చెప్పి కూర్చుంటాను.

ఆదివారం మనవాళ్లు ఫోటోలు దిగడానికి బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్తుంటారు కదా. అక్కడి ఆర్కిడ్ తోటలో అనాస జాతి మొక్కలకు వేరే ఇల్లు ఒకటుంది. దానికి యువెన్ పెంగ్ మెక్‌నీస్ అనే ఆవిడ పేరు పెట్టారు. ఎవరీవిడ అని ఆరా తీశాను.

ఆమె తండ్రి లోక్ యూ. పదమూడేళ్లకే చైనా నుంచి సింగపూర్ వచ్చాడు. మార్కెట్ స్ట్రీట్‌లో ఒక కొట్లో పనికి కుదిరాడు. నాలుగేళ్లు కడుపు కట్టుకుంటే మిగిలింది 99 డాలర్లు. దాంతో సొంత కొట్టు పెట్టాడు. తర్వాత మలయాలో తగరం గనులు, రబ్బరు తోటలు, కోట్ల ఆస్తి. నల్లమందు గుత్తలు కూడా పాడాడు, అది దాచకూడదు. గనుల్లో మట్టి తవ్వింది మనలాంటి కూలీలే, ఆ నల్లమందు కొన్నదీ ఎక్కువగా వాళ్లే. అయినా చదువు విలువ తెలిసినవాడు. హాంకాంగ్ యూనివర్సిటీకి సాయం చేశాడు, అక్కడ ఆయన పేరుతో పెద్ద హాలుంది.

1917లో ఆయన పోయాడు. కూతురికి తండ్రిని చూసిన గుర్తు ఉండే వీలే లేదు. ఆస్తినీ పిల్లల్నీ చూసుకుంది తల్లి చెంగ్ కిమ్. కొడుకును కేంబ్రిడ్జి దాకా చదివించింది. ఆ తల్లీకొడుకులే ఇక్కడ కేథే బిల్డింగు కట్టించారు.

ఈ కూతురు, విదేశాల్లో పెద్ద చదువులకు వెళ్లే సింగపూర్ పిల్లల కోసం ఒక ఫౌండేషన్ పెట్టింది. దానికి డబ్బు సంపాదించిన తండ్రి పేరు కాదు, తల్లి పేరు పెట్టింది: లోక్ చెంగ్ కిమ్ ఫౌండేషన్. ఆమె 2012లో చనిపోయింది. స్కాలర్‌షిప్పులు ఇంకా ఇస్తున్నారు.

అవి మన పిల్లలకు రావు. మరి ఎందుకు చెబుతున్నానంటే, పోయినేడు మా అమ్మాయి ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. ఏజెంటు అప్పు తీరలేదు, తమ్ముడి చదువుంది, నీ పెళ్లికి బంగారం చేయించాలి, ఇక చాలమ్మా అని ఫోన్లో చెప్పేశాను. అది ఏమీ అనలేదు. ఫోన్ వాళ్లమ్మకిచ్చి లోపలికెళ్లిపోయింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ జూన్‌లో డిగ్రీలో చేర్పించాను. బంగారం సంగతి తర్వాత చూద్దామన్నాను, మా ఆవిడ ఇంకా గొణుగుతూనే ఉంది. మొదటేడు ఫీజు కట్టేశాను. రెండో ఏడుకి ఓవర్‌టైమ్ దొరకాలి.