ఆనుకుని ఉండటమంటే

పట్టాలు అందుకుంటున్న పిల్లలకూ, అది చూడాలని రాత్రి బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలకూ నమస్కారం.

మా నాన్నకు రెండెకరాల పొలం ఉండేది, మూడు ముక్కలుగా. కాలవ కింద ఒకటి, చెరువు వెనక ఒకటి, మూడోది పక్క ఊరి పొలిమేరలో. దాన్ని ఒకే కమతమని ఏ కరణమూ రాయలేదు. అలాంటి ముక్కలను ఒకటేనని అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం రాసుకుంది.

శాసనసభ నియోజకవర్గంలోని నేలంతా ఆనుకుని ఉండాలని 1848 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. అక్కడ టౌన్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది. మ్యాడిసన్ లాంటి నగరాలు చుట్టూ ఉన్న టౌన్ల పొలాలను కలుపుకుంటూ పోతే కొన్ని ముక్కలు నగరం నడుమ లంకల్లా మిగిలాయి. వాటిని చుట్టూ ఉన్న నియోజకవర్గంలో కాక, ఎక్కడో ఉన్న సొంత టౌన్‌తో కలిపి చూపించారు. 'టౌన్ ఒకటే కదా, ఆనుకున్నట్టే' అన్నారు. అలా దిగువ సభ 99 స్థానాల్లో కనీసం 50 ముక్కలుగా ఉండేవి.

అసలు గొడవ లంకలది కాదు లెండి. 2018 దిగువ సభ ఎన్నికల్లో డెమోక్రాట్లకు మొత్తమ్మీద ఓట్లు ఎక్కువొచ్చినా దక్కినవి 36 సీట్లే. హద్దుల్లోని ఆ పక్షపాతం సంగతి రాష్ట్ర సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. ఆనుకుని అనే ఒక్క మాట పట్టుకుంది. 2023 డిసెంబర్ 22న 4-3తో తేల్చింది: ఆనుకోవడమంటే తగులుకోవడమే, నియోజకవర్గాల పాత పటం చెల్లదు.

తర్వాత రిపబ్లికన్ల సభే డెమోక్రాట్ గవర్నర్ టోనీ ఎవర్స్ పటాన్ని ఆమోదించింది. కోర్టు గీసే పటం కంటే ఇదే నయమనుకున్నారు! 2024 నవంబర్‌లో దిగువ సభలో రిపబ్లికన్, డెమోక్రాట్ బలాబలాలు 64-35 నుంచి 54-45కి వచ్చాయి. మెజారిటీ మారలేదు. ఓడిన పార్టీని గెలిపించడం కోర్టు పని కాదు కూడా.

మన దగ్గర 2009 ఎన్నికలు కొత్త హద్దులతో జరిగాయి. అప్పటికి మీది పలక పట్టే వయసు. ఆ హద్దులు గీసింది నియోజకవర్గాల పునర్విభజన కమిషన్, ఎమ్మెల్యేలు కాదు. విస్కాన్సిన్‌లో ఎవరి సీటు హద్దు వాళ్లే గీసుకునే ఏర్పాటు. మా ఊళ్లో గట్టు తగాదాలు చూసిన నాకు అది మింగుడుపడదు.

విస్కాన్సిన్ ఎగువ సభ అయిన సెనేట్‌లో కొత్త పటం కింద 2024లో ఓటు పడింది సరిసంఖ్య స్థానాలకే. మిగిలిన 17 బేసి స్థానాల వంతు 2026 నవంబర్. చివరి వరుసలో ఆకలి మొదలైనట్టుంది, ఇక పట్టాలు అందుకోండి.