సామ్రాజ్యమును జయించు మార్గము
(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)

స్వాతంత్ర్యయుద్ధ మనగానే ఫిరంగులును విజయధ్వజములును మన కన్నులకు గట్టును. కాని 1775 మొదలు 1783 వఱకు బ్రిటిషు సామ్రాజ్యముతో పోరాడిన అమెరికాలోని పదుమూడు వలసల చరిత్రను పరిశీలించినచో వేఱొక సత్యము గోచరించును. సేనాపతియగు వాషింగ్టను గెలిచిన పోరులు స్వల్పము. ఓడి వెనుదీసినవి పెక్కు. ఓడుచుండియు తుదకు గెలుచుట యెట్లు? ఈ ప్రశ్నకే నేడు మేము సమాధానము చెప్పబూనితిమి.

మొదటి కారణము, యుద్ధమునకు పూర్వమే ఆ ప్రజలు తమ ప్రభుత్వమును తాము నిర్మించుకొనుట. 1765లో పార్లమెంటు స్టాంపు చట్టముచే వలసలపై పన్ను విధించెను. తమ ప్రతినిధులు లేని సభకు తమపై పన్ను వేయు హక్కు లేదని వారు వాదించిరి. 1772లో బోస్టను నగరమున సామ్యూలు ఆడమ్సు ప్రేరణమున ఉత్తరప్రత్యుత్తర సంఘమొకటి వెలసెను. అట్టి సంఘములు ఊరూర వ్యాపించెను. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవులో 342 పెట్టెల తేయాకు సముద్రము పాలయ్యెను. ఆ తేయాకు ఈస్టిండియా కంపెనీది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచే మన ఉత్తర సర్కారులను సంపాదించిన కంపెనీ యదియే.

1774లో ఫిలడెల్ఫియాలో కూడిన వలసల మహాసభ బ్రిటిషు సరకుల బహిష్కారమును శాసించి, దానిని అమలుజరుపుటకు ఊరూర సంఘముల నెన్నుకొన నాదేశించెను. కట్టుబాటు మీఱిన వర్తకుల పేర్లు పత్రికల కెక్కెను. గవర్నరు ఉత్తరువును లెక్కింపని జనులు సంఘము మాటను శిరసావహించిరి. తుపాకి మ్రోగక మునుపే అధికారము చేతులు మాఱెను.

1776 జూలై 4వ తేదీ నాటి స్వాతంత్ర్య ప్రకటన న్యాయవాదులమగు మాకు దావాపత్రమువలె తోచును: ముందు హక్కు, పిదప రాజుగారి యపరాధముల పట్టిక, తుదకు కోరిన పరిహారము. కాని డిక్రీ పొందుట యొకటి, దానిని అమలుజరుపుకొనుట మఱియొకటి యని కోర్టుపక్షులందఱు నెఱుగుదురు. ఈ అమలుకు ఏడేండ్లు పట్టెను.

ఆ సంవత్సరమే న్యూయార్కు పోయెను. 1777 సెప్టెంబరులో మహాసభకు నెలవైన ఫిలడెల్ఫియా శత్రువుల వశమయ్యెను. రాజధాని పడినచో యుద్ధము ముగియుట రాజుల నాటి మర్యాద. ఇచట మహాసభ యార్కు అను చిన్న యూరికి తరలి తన పని సాగించెను. ఆ శీతకాలమున వ్యాలీఫోర్జి శిబిరములో రోగములచే రెండువేలమంది వఱకు మరణించిరి. అయినను సైన్యము చెదరలేదు. సైన్యము నిలిచియున్నంతకాలము దేశము నిలుచునని వాషింగ్టను గ్రహించెను. ఆంగ్లసేన నిలిచిన నేల మాత్రమే రాజుగారిది. అది కదలినంతనే సంఘము మరల తలయెత్తెడిది. 1781 మార్చిలో గిల్ఫర్డువద్ద కారన్‌వాలీసు రణభూమిని నిలుపుకొనెను గాని సేనలో నాలుగింట నొకవంతునకు మించి నష్టపోయెను. గెలుపే యతనికి చేటయ్యెను.

రెండవ కారణము పరుల సాహాయ్యము. ఫ్రాన్సు మొదట రహస్యముగా మందుగుండు పంపెను. 1777 అక్టోబరులో సారటోగావద్ద ఆంగ్లసేన యొకటి లొంగిపోయిన పిమ్మటనే, 1778 ఫిబ్రవరిలో బహిరంగముగా సంధి చేసికొనెను. పిదప స్పెయినును హాలండును ఇంగ్లండునకు శత్రువులయ్యెను. యుద్ధము మన పుదుచ్చేరి వఱకు, చోళమండల తీరము వఱకు ప్రాకెను. అన్ని తీరములను కాచుట ఆంగ్ల నౌకాబలమునకు భారమయ్యెను. 1781 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకలు సముద్రద్వారమును మూయగా, అక్టోబరు 19వ తేదీన యార్కుటౌనులో కారన్‌వాలీసు సేన ఆయుధములు దించెను. తన కాళ్లపై నిలిచిన వానికే పొరుగువాడు చేయి యందించును.

అప్పటికిని న్యూయార్కులో రాజుగారి సేనలుండెను. సామ్రాజ్యమునకు బలముడుగలేదు, వ్యయమును భరించు నిచ్ఛ యుడిగెను. 1782 ఫిబ్రవరిలో కామన్సు సభ యుద్ధమును సాగింపరాదని తీర్మానించెను. 1783 సెప్టెంబరు 3వ తేదీన పారిసులో సంధి జరిగెను.

కాని సోదరులారా, ఈ కథలో తీఱని ఋణమొకటి కలదు. వలసల జనము ఇంచుమించు ఇరువదియైదు లక్షలు. అందు అయిదవవంతు నల్లజాతి బానిసలు. మానవులందఱు సమానులని ప్రకటించిన దేశమున వారికి విముక్తి కలుగుటకు 1865 వఱకు, మఱియొక ఘోరయుద్ధము వఱకు, వేచియుండవలసివచ్చెను. సంధిపత్రమున ఆదివాసుల భూములు వారి నడుగకయే చేతులు మాఱెను. మనకును ఒక శేషము మిగిలెను: అచట ఓడిన కారన్‌వాలీసే 1786లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత జమీందారీ బందోబస్తు నెలకొల్పెను. 1802 మొదలు అది మన సర్కారు జిల్లాలకును వ్యాపించెను.

కావున సామ్రాజ్యమును జయించునది శౌర్యమొక్కటియే గాదు. రాజధాని పడినను పడని యూరి సంఘము, జీతము లేకున్నను చెదరని శిబిరము, మాట తప్పని వర్తకుడు, ఇవియే జయించినవి. 1947లో స్వతంత్రులమైన మనకును ఈ పాఠము తీఱిపోలేదు. తన యూరి వ్యవహారమును తాను చక్కబెట్టుకొనలేని ప్రజ గెలిచిన స్వాతంత్ర్యమును నిలుపుకొనజాలదు. అందఱికి పంచని స్వాతంత్ర్యము సగము గెలిచిన దావాయే.