మాయను చూసే పరీక్ష



ఈ గగన్‌పహాడ్‌లో కార్ఖానాల్లో పనిచేసే సోదరులు చాలామంది ఉన్నారు. కనుక స్కానింగ్ సంగతి కార్ఖానా నుంచే మొదలుపెడతాను. ఇనుములో కంటికి కనబడని పగుళ్లను శబ్ద తరంగాలతో పట్టే యంత్రం ఒకటుంది. 1955లో గ్లాస్గో డాక్టరు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్‌లో తీసిన గడ్డలను బాయిలర్లు చేసే కంపెనీకి పట్టుకుపోయి ఆ యంత్రంతో పరీక్షించి చూశాడు. 1958లో గర్భస్థ శిశువు చిత్రాలు ప్రకటించాడు. ఇది ఎక్స్‌రే కాదు, శబ్దమే. భయపడనక్కరలేదు.

మన ఇళ్లల్లో స్కానింగ్ అంటే బిడ్డను చూడటమే అనుకుంటారు. ఆడా, మగా అని అడిగేవారూ ఉన్నారు. 1994 చట్టం ప్రకారం అది నేరం. డాక్టరు బిడ్డతోపాటు మాయను కూడా చూస్తారు. బిడ్డకు ఆహారమూ, ప్రాణవాయువూ మాయ నుంచే కదా.

బి.పి. ఉన్నవారికి, ఇదివరకు కడుపులోనే బిడ్డ పోయినవారికి, బిడ్డ ఎదుగుదల తగ్గినవారికి డాప్లర్ పరీక్ష రాస్తారు. బొడ్డుతాడులో నెత్తురు ఎట్లా పారుతుందో అది చూపిస్తుంది. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు మాయలోకి పోతుంది. రెండు దెబ్బల నడుమ కూడా ముందుకే సాగాలి. మాయలో రక్తనాళాలు దెబ్బతింటే ఆ నడుమ ప్రవాహం సన్నబడుతుంది, తర్వాత ఆగుతుంది, చివరకు వెనక్కు మళ్లుతుంది. ఆగిందంటే ఆసుపత్రిలో చేర్చుకుని కనిపెట్టి ఉంటారు. మళ్లిందంటే కాన్పు చేయాలా అన్నది వెంటనే తేల్చుకోవాలి. ఇంత జరుగుతున్నా తల్లికి ఏ నొప్పీ తెలియకపోవచ్చు!

"మొన్ననే కదా తీయించాం, మళ్లీ ఎందుకు? డబ్బు గుంజటానికే" అంటారు అత్తగార్లు. ఆ అనుమానం ఉత్తది కాదు. మామూలు గర్భానికి నెలనెలా స్కానింగ్ అక్కరలేదు. కాని ప్రమాదమున్న గర్భానికి ఒక్కసారి చాలదు. రెండు వారాల కింద బాగున్న మాయ ఇవాళ బాగుండకపోవచ్చు.

ఇదివరకు ఆపరేషన్ కాన్పు అయిన తల్లుల సంగతి వేరే చెప్పాలి. మాయ కిందికి దిగి పాత కుట్టు మీద కూర్చుంటే గర్భసంచి గోడలోకి అతుక్కుపోవచ్చు. ముందే తెలిస్తే నెత్తురు సిద్ధం చేసుకుని పెద్దాసుపత్రిలో కాన్పు చేస్తారు. తెలియకపోతే తల్లి ప్రాణానికే ముప్పు. ఐదో నెలలో కిందికుందన్న మాయ చాలామందికి తర్వాత పైకి జరుగుతుంది. జరిగిందో లేదో ఎనిమిదో నెలలో మళ్లీ చూపించుకోవాలి.

ఖర్చుకు వెనకాడేవారికి ఒక మాట. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి కూడా మనకు మరీ దూరమేమీ కాదు, ఆరాంఘర్ మీదుగా పోవచ్చు. పోయేటప్పుడు పాత స్కానింగ్ కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకుపోండి. పాత కొలతలు పక్కన ఉంటేనే మార్పు తెలుస్తుంది. బిడ్డ కదలికలు తగ్గినట్టు కోడలు చెప్పిందంటే మాత్రం ఏ తేదీ కోసమూ ఆగవద్దు, ఆ పూటే తీసుకుపోండి.