సంఘం కంప్యూటరు, ఇంటి కేలెండరు

(రాయవరంలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మమ్మల్ని మాట్లాడమన్న విషయం, పనిలోనూ బడి చదువులోనూ కంప్యూటరు వాడకం. పాల సంఘం సమావేశంలో దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో చెప్పాలి గాని ఇదేమిటని వెనక బెంచీలో ఒకరిద్దరు నవ్వుకోవడం మేము చూశాం. అయితే ఒక్కమాట. ఈ పూట మీరు పోసిన పాలకు వెన్న శాతం ఎవరు చూశారు? రేటు ఎవరు కట్టారు? చీటీ ఎవరు ఇచ్చారు? చాలా సంఘాలలో ఇప్పుడు ఇవన్నీ చేసేది యంత్రమే. గేదె సంగతి తెలుసుకున్నట్టే ఆ పెట్టె సంగతీ కొంత తెలుసుకోక తప్పదు.

మేము సహకార డిప్లొమా చదివిన రోజుల్లో మాకు చిట్టా, ఆవర్జా, నగదు పుస్తకం చేత్తో రాయడమే నేర్పారు. వెన్న పరీక్ష అంటే గెర్బరు పరీక్షే. గాజు బ్యూటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దానిపై 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, సెంట్రిఫ్యూజులో తిప్పి, తేలిన వెన్నను గీతల మీద చదవాలి. చొక్కాకు ఆసిడ్ చిల్లు లేని టెస్టరును ఆ రోజుల్లో మేము చూడలేదు. నమూనాలన్నీ పరీక్షించి రేటు చెప్పేసరికి పూట గడిచిపోయేది. ఇప్పుడు మీరు కేను దించగానే తూకం, నిమిషంలోపే వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., వెంటనే చీటీ. ఇది మంచి మార్పు. కాదని మేము అనం.

కాని యంత్రం తనకు చెప్పిన లెక్కనే చేస్తుంది. తప్పు చెబితే ఆ తప్పునే ప్రతి పూటా, ప్రతి సభ్యుడికీ, ఎంతో శ్రద్ధగా చేస్తుంది. రెండు ఉదాహరణలు చెబుతాం. గేదె పాలు నీళ్లకంటే బరువు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. అయిదు లీటర్లంటే 5.15 కిలోలు. మీ సంఘం రేటు కిలోకా, లీటరుకా, యంత్రంలో పెట్టింది ఏది? ఈ రెండూ పొసగకపోతే వందకు మూడు రూపాయలు ఎవరికో ఒకరికి పోతాయి. రెండవది వెన్న. కిలో వెన్నకు 800 రూపాయలని అనుకుందాం, లెక్క కోసం మాత్రమే. అయిదు కిలోల పాలలో ఏడు శాతం వెన్న ఉంటే 350 గ్రాములు, అంటే 280 రూపాయలు. అదే ఆరున్నర చూపిస్తే 260. అర శాతం తేడాకు పూటకు ఇరవై రూపాయలు. ఈ యంత్రాలలో ఆవు పాలకు వేరుగా, గేదె పాలకు వేరుగా మీట ఉంటుంది. హడావిడిలో ఒకదాని బదులు ఇంకొకటి నొక్కితే లెక్క తప్పుతుంది. కాబట్టి చీటీ మీద ఆవో గేదో ఏది పడిందో చూసుకోండి. ఖాళీ కేను పెట్టినప్పుడు కాటా సున్న చూపుతోందా లేదా చూడమనండి. అడగడం మీ హక్కు, అది కార్యదర్శి మీద అనుమానం కాదు. అప్పుడప్పుడు అదే పాలను పాత గెర్బరు పద్ధతిలో కూడా పరీక్షించి సరిపోల్చే ఏర్పాటు పాలకవర్గం చేయాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇందులో మా తప్పు కూడా ఉంది కనుక కాస్త వివరంగా చెబుతాం.

కొన్నేళ్ల కిందట మా పరిధిలోని ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాం. పేరు అనవసరం. అక్కడ కార్యదర్శి కంప్యూటరులోనూ, చేతి రిజిస్టరులోనూ రెండింటా లెక్క రాస్తున్నాడు. రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుంటున్నానని చెప్పాడు. "రెండు పుస్తకాలెందుకండీ, కంప్యూటరులో ఉందిగా" అన్నది మేమే. ఆయన సంతోషంగా రిజిస్టరు కట్టేశాడు. బ్యాకప్ తీస్తున్నారా అని అడిగితే తీస్తున్నానన్నాడు. ఎక్కడ అని మేము అడగలేదు. ఆయన తీస్తున్నమాట నిజమే, అదే కంప్యూటరులో డి డ్రైవులో పెడుతున్నాడు. సి అన్నా డి అన్నా ఆ పెట్టెలో ఉన్నది ఒకటే డిస్కు. ఒకే గాదెలో రెండు గదుల్లో ధాన్యం పోసినట్టు. గాదె కాలితే రెండూ పోతాయి.

దసరా ముందు ఒక ఉదయం ఆ కంప్యూటరు తెరుచుకోలేదు. పదిహేను రోజుల పాల బిల్లు ఇవ్వవలసిన వారం. సంవత్సరాంతపు బోనసుకు ఆధారమైన లెక్క కూడా అందులోనే ఉంది. దాళ్వా, సార్వా రెండు పంటల మధ్య ఇల్లు నడిపేది ఈ పాల డబ్బేనని మీకు మేము చెప్పనక్కరలేదు. సంఘం ముందు జనం చేరారు. కార్యదర్శికి ఏమీ తోచలేదు. రెండు రోజుల ముందు ఒక సభ్యురాలి కొడుకు, తొమ్మిదో తరగతి కుర్రవాడు, బడిలో ఇచ్చిన ప్రాజెక్టు అచ్చు తీసుకుందామని పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు. "వైరస్ తెచ్చింది ఆ కుర్రాడే" అని కార్యదర్శి అందరి ముందూ అనేశాడు. ఊరంతా ఆ మాటే పట్టుకుంది. ఆ కుర్రవాడి తల్లి మరునాడు సంఘానికి పాలు పోయలేదు. రెండు వీధుల అవతల ప్రైవేటు కేంద్రానికి పోసింది.

పట్నం నుంచి మెకానిక్ వచ్చి పెట్టె విప్పి చూసేసరికి పన్నెండు రోజులు గడిచాయి. వైరస్ కాదు. డిస్కే పాడయింది. ప్లగ్గుకు ఎర్తు తీగ లేదు. యు.పి.ఎస్. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా దెబ్బ నేరుగా యంత్రానికే. పక్కనే కేనులు కడిగే తొట్టి, గోడ చెమ్మ. కుర్రవాడి పెన్‌డ్రైవ్‌లో గోదావరి ఆనకట్ట గురించిన ఎనిమిది పేజీల వ్యాసం, రెండు బొమ్మలు ఉన్నాయి.

ఇక లెక్క తిరిగి కట్టాలి. ఆ పని మా మీద పడింది, పడవలసిందే. సభ్యులను చీటీలు తెమ్మన్నాం. ప్లాస్టిక్ సంచుల్లో కట్టలు కట్టి తెచ్చారు. విప్పితే సగానికి సగం తెల్లకాగితాలే. ఆ చీటీ మీద పడేది సిరా కాదు. వేడి తగిలితే నల్లబడే పూత పూసిన కాగితం అది. ఎండకూ, నూనె చేతికీ, ప్లాస్టిక్ కవరులో దాచినా కూడా అక్షరాలు వెలిసిపోతాయి. అప్పుడు ఒకావిడ సంచీలోంచి గోడ కేలెండరు తీసింది. ప్రతి తేదీ గడిలో పైన పొద్దుటి పాలు, కింద సాయంత్రం పాలు, పక్కన వెన్న. "చీటీ పారేసినా ఇది పారేయనండి బాబూ, ఇందులోనే గేదె కట్టిన తేదీ కూడా ఉంది" అంది. అలాంటి కేలెండర్లు ఇంకా వచ్చాయి. అక్షరం రాని ఒక ముసలమ్మ మమ్మల్ని ఇంటికి రమ్మంది. తలుపు వెనక సుద్దగీతలు. లీటరుకు నిలువు గీత, అరకు అడ్డగీత, జీతం రోజున సున్న. పాల డబ్బు వచ్చే రోజును ఆవిడ జీతం రోజంటుంది. ఆ తలుపును మేము ఫొటో తీసి, సర్వసభ్య సమావేశం మినిట్సులో ఆధారంగా రాయించాం. మా సర్వీసులో తలుపును వోచరుగా అంగీకరించింది అదొక్కసారే.

పాల వ్యాను రసీదుల్లో పూట పూటకూ సంఘం పంపిన మొత్తం తూకం, వెన్న ఉన్నాయి. దానికి ఊళ్లో అమ్మిన పాలు కలిపి, సభ్యుల లెక్కతో పోల్చాం. ఎక్కువ పూటలు దగ్గరగా కుదిరాయి. కొన్ని పూటలు సభ్యులు చెప్పింది ఎక్కువైంది. ఎవరూ కావాలని చెప్పారని మేము అనం. జ్ఞాపకం ఎప్పుడూ కొంచెం ఉదారంగా ఉంటుంది. ఆ తేడాను అందరి మీదా దామాషాగా సర్దడానికి సర్వసభ్య సమావేశం ఒప్పుకుంది. బిల్లు నెలా పది రోజులు ఆలస్యమైంది. పండగకు అందలేదు.

అందుచేత ఈ విషయాలు కాస్త గట్టిగా చెబుతున్నాం. బ్యాకప్ అంటే నకలు. నకలు అసలుతోపాటు ఒకే పెట్టెలో ఉండకూడదు, వీలైతే ఒకే కప్పు కింద కూడా ఉండకూడదు. ప్రతి సాయంత్రం లెక్క ముగిశాక ఒక పెన్‌డ్రైవ్ మీదకు తీయండి. అది ఆ పనికి తప్ప మరో పనికి వాడకండి. వారానికొకటి వేరుగా తీసి అధ్యక్షుడి ఇంట్లోనో, మరో సభ్యుడి ఇంట్లోనో ఉంచండి. నెట్టు ఉన్నచోట యూనియన్‌కు పంపే ఏర్పాటుంటే అది మూడోది. తీసిన నకలును నెలకోసారి వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. చాలామంది తీస్తారు, తెరవరు. విత్తనం మొలకెత్తుతుందో లేదో చూడకుండా నారుమడి పోస్తామా? నెల చివర సభ్యులవారీ జాబితా కాగితం మీద అచ్చు తీసి, కార్యదర్శి, అధ్యక్షుడు సంతకాలు చేసి ఫైలులో పెట్టండి. మా పాత సలహాను ఈ సభాముఖంగా ఉపసంహరించుకుంటున్నాం.

కరెంటు సంగతి. 1996 నవంబరు 6 నాటి తుపాను మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు పిల్లలు కూడా చూశారు. తుపాను హెచ్చరిక రాగానే గేదెలను మెరక మీదికి తోలినట్టే, నకలు తీసి, కంప్యూటరు ప్లగ్గు గోడ నుంచి ఊడదీసి, బల్లమీద ఎత్తున పెట్టి గుడ్డ కప్పండి. స్విచ్ ఆపితే చాలదు, పిడుగు స్విచ్చును అడిగి రాదు. మిగతా రోజుల్లో ఎర్తు సరిగా ఉందా, యు.పి.ఎస్. నిజంగా పది నిమిషాలు నిలుస్తోందా పరీక్షించుకుంటే చాలు.

పాస్‌వర్డ్ కార్యదర్శి ఒక్కడికే తెలిసి ఉండటం మంచిది కాదు, గోడమీద అంటించడం అంతకంటే మంచిది కాదు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, సంఘం బీరువాలో ఉంచండి.

ఇక పిల్లలు. ఆ సంఘంవారు తరువాత "పిల్లలు కంప్యూటరు ముట్టరాదు" అని బోర్డు పెట్టారు. మేము తీయించాం. ఊళ్లో ప్రింటరు ఉన్నది సంఘంలో ఒక్కచోటే అయినప్పుడు, సభ్యుల పిల్లలు మండపేటకో రామచంద్రపురానికో బస్సెక్కి వెళ్లాలా? చేయవలసింది వేరు. కంప్యూటరులో పిల్లలకు వేరే ఖాతా తెరవండి. అందులోంచి పాల లెక్క తెరుచుకోకూడదు, కొత్త ప్రోగ్రాములు ఎక్కకూడదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ముందు వైరస్ తనిఖీ చేయండి. ఆ కుర్రవాడిది కాకపోయినా, వైరస్ లేదని కాదు. అంతకంటే మేలు, సంఘం కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని పిల్లలకు వదలడం. విండోస్ 10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అలాంటి పాత యంత్రాలతో డబ్బు లావాదేవీలు వద్దు. వాటిలో ఉచితంగా దొరికే లైనక్స్ వేయిస్తే వ్యాసాలు రాసుకోవడానికీ, పట్టికలు గీసుకోవడానికీ పిల్లలకు ఇంకా కొన్నేళ్లు పనికివస్తాయి.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ఆ ట్యాబు మీ ఇంట్లో ఉంటే, ఆటలకే వాడుతున్నారని తీసి బీరువాలో దాచకండి. పాఠ్యపుస్తకంలో చదరపు గుర్తులుంటాయి. దీక్ష అనే యాప్‌తో వాటిని చూస్తే పాఠం తెరుచుకుంటుంది. పక్కన కూర్చుని "ఇదేమిటో నాకు చెప్పు" అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి వచ్చినట్టే.

తెలుగు టైపు విషయంలో ఒక చిక్కు ఉంది. పాత డి.టి.పి. అక్షరాలతో కొట్టిన నోటీసును ఫోనుకు పంపితే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఆ ఫాంటు ఆ యంత్రంలో ఉంటేనే అది తెలుగు. యూనికోడ్‌లో కొడితే ఎక్కడైనా తెలుగే. సంఘం నోటీసులు, పిల్లల వ్యాసాలు యూనికోడ్‌లోనే కొట్టించండి. టైపు రానివారు ఫోనులో మైకు గుర్తు నొక్కి చెబితే అదే తెలుగులో రాస్తుంది. తప్పులు దిద్దుకోవాలి. మేము "పాడి పశువులు" అంటే ఒకసారి "పాడే పశువులు" అని రాసింది.

చివరగా ఫోను మోసాలు. పాల డబ్బు బ్యాంకులో పడే రోజుల్లో "బోనసు వచ్చింది, పిన్ను కొట్టండి" అని ఎవరైనా ఫోను చేయవచ్చు. డబ్బు తీసుకోవడానికి పిన్ను అక్కరలేదు. పిన్ను కొట్టామంటే ఇస్తున్నామని అర్థం. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి, మేమే ఫోను చేసి అడిగినా చెప్పకండి. పొరపాటున పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆ కుర్రవాడి సంగతి అడుగుతారని తెలుసు. కార్యదర్శి సర్వసభ్య సమావేశంలో లేచి, తాను అన్నమాట తప్పని చెప్పాడు. తరువాత మేమూ ఆయనా కలిసి వాళ్లింటికి వెళ్లాం. ఆవిడ మంచం వాల్చి, టీ ఇచ్చింది. "అందరి ముందూ అన్నారండి. మావాడు మూడ్రోజులు బడికి వెళ్లలేదు" అంది. అంతే. పాలు మాత్రం ఇప్పటికీ ప్రైవేటు కేంద్రానికే పోస్తోంది. సభ్యత్వం వదలలేదు, వాటాధనం వెనక్కి అడగలేదు. ఆమె పేరు జాబితాలో అలాగే ఉంచమని మేము చెప్పాం.

మా తనిఖీలో ఇకమీద నకలు చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారని తేదీతో సహా అడుగుతాం. సాయంత్రం పాల వేళ అవుతోంది, చాలామంది ఊళ్లకు చేరాలి. సందేహాలుంటే బయట టీ దగ్గర అడగండి. సెలవు.